చుక్క ఎందుకు జారుతుంది? చేతిలోని జీపీఎస్‌ను కచ్చితంగా వాడుకునే పాఠం

ఫోన్‌లో మ్యాప్ తెరవగానే ఒక నీలి చుక్క, దాని చుట్టూ లేత నీలి వలయం కనిపిస్తాయి. మనందరం చుక్కనే చూస్తాం, వలయాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. నిజానికి ఫోన్ చెబుతున్న మాట వలయంలోనే ఉంది. ‘నువ్వు ఈ వలయం లోపల ఎక్కడో ఉండొచ్చు, అదీ మూడింట రెండు వంతుల నమ్మకంతో చెబుతున్నా’ అని దాని అర్థం. ఆండ్రాయిడ్ లెక్కలో ఆ వ్యాసార్థం 68 శాతం నమ్మకానిది. అంటే మూడుసార్లలో ఒకసారి మనం ఆ వలయం బయట ఉన్నా ఫోన్ అబద్ధం చెప్పినట్టు కాదు!

దారి వెతుక్కోవడానికి ఈ తేడా పెద్ద విషయం కాదు. కానీ ఇప్పుడు మన మినీ ప్రాజెక్టుల్లో సగం జీపీఎస్ మీదే నడుస్తున్నాయి. బస్సు ట్రాకర్, డ్రోన్, పొలం కొలిచే యాప్, ఇలా ఏది తీసుకున్నా అంతే. ఊళ్లో అయితే ‘ఫోన్ పట్టుకుని గట్టు చుట్టూ నడిస్తే విస్తీర్ణం వచ్చేస్తుందట’ అంటూ యాప్ చూపించిన అంకెను పట్టుకుని పక్క పొలం వాళ్లతో మాటామాటా పెంచుకునేవాళ్లూ ఉన్నారు. అలాంటి చోట మూడు మీటర్లంటే చిన్న విషయం కాదు. అందుకే ఈ పాఠం. తప్పు ఎక్కడ పుడుతుంది, ఎంత పుడుతుంది, మన చేతిలో ఉన్న పరికరంతోనే దాన్ని ఎంతవరకు తగ్గించవచ్చు, ఈ మూడూ వరుసగా చూద్దాం.

1. అసలు కొలిచేది కాలాన్ని

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కి.మీ. ఎత్తున తిరుగుతుంటాయి. ఒక్కొక్కటీ ‘నేను ఇక్కడున్నాను, ఇప్పుడు సమయం ఇంత’ అని నిరంతరం చెబుతూనే ఉంటుంది. ఆ సందేశం మనదాకా రావడానికి దాదాపు 67 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ ఆలస్యాన్ని కాంతి వేగంతో గుణిస్తే దూరం వస్తుంది.

లెక్క చాలా సులువు, చిక్కంతా కాలంతోనే. కాంతి ఒక మైక్రోసెకనులో 300 మీటర్లు, ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది. అంటే 10 నానోసెకన్లు తేడా వస్తే 3 మీటర్లు పోయినట్టే. ఉపగ్రహంలో పరమాణు గడియారం ఉంటుంది. మన ఫోన్‌లో ఉన్నది కొద్ది రూపాయల క్వార్ట్జ్ స్ఫటికం. అందుకే రిసీవర్ తన గడియారం తప్పును కూడా తెలియని రాశిగానే పెట్టుకుంటుంది. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, గడియారం తప్పు, మొత్తం నాలుగు తెలియని రాశులు కాబట్టి కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం మ్యాథ్స్‌లో చదివిన ఏకకాలిక సమీకరణాలే ఇవి.

ఇక్కడ ఐన్‌స్టీన్ కూడా హాజరవుతాడు. ఉపగ్రహం వేగం వల్ల దాని గడియారం రోజుకు సుమారు 7 మైక్రోసెకన్లు నెమ్మదిస్తుంది. పైన గురుత్వం తక్కువ కాబట్టి సుమారు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. నికరంగా రోజుకు 38 మైక్రోసెకన్లు. దీన్ని సరిచేయకుండా వదిలేస్తే దూరాల లెక్కలో రోజుకు 11 కిలోమీటర్లకు పైగా తప్పు పేరుకుంటుంది.

2. కచ్చితత్వం వేరు, నిలకడ వేరు

గోలీలాట గుర్తు తెచ్చుకోండి. ఒకడు విసిరిన అయిదు గోలీలూ గుంట చుట్టూ తలో దిక్కున పడ్డాయి. ఇంకొకడివి అయిదూ ఒకే చోట కుప్పగా పడ్డాయి, కానీ గుంటకు జానెడు పక్కన. మొదటివాడికి సగటున కచ్చితత్వం ఉంది, నిలకడ లేదు. రెండోవాడికి నిలకడ ఉంది, కచ్చితత్వం లేదు. జీపీఎస్‌తో వచ్చే పేచీ రెండో రకం. తెర మీద అంకెలు కదలకుండా నిలబడి ఉంటే ‘ఆహా, ఎంత కచ్చితం’ అనుకుంటాం. నిజానికి అది స్థిరంగా తప్పు చూపిస్తూ ఉండొచ్చు. పైగా మనం నిలబడి ఉన్నామని గ్రహించిన చాలా రిసీవర్లు చుక్కను కావాలనే కదలకుండా పట్టి ఉంచుతాయి.

ఇంకొక మాట. మాడ్యూల్ డేటాషీట్‌లో ‘2.5 మీటర్లు, సీఈపీ’ అని ఉంటే అది 50 శాతం వలయం. కొలతల్లో సగం ఆ వలయం బయటే పడతాయి. 95 శాతం కావాలంటే దాన్ని సుమారు 2.1తో గుణించాలి. అంటే 5.2 మీటర్లు. అది కూడా ఆకాశం పూర్తిగా తెరిచి ఉన్న చోట!

3. తప్పు ఎక్కడెక్కడ పుడుతుంది

ఒకప్పుడు తప్పును కావాలనే కలిపేవారు. పౌరులకు ఇచ్చే సంకేతాన్ని అమెరికా బుద్ధిపూర్వకంగా చెడగొట్టేది. తప్పు 100 మీటర్ల దాకా పోయేది. 2000 మే నెల మొదట్లో దాన్ని ఆపేశారు. ఆ ఒక్క రాత్రితో ప్రపంచంలోని రిసీవర్లన్నీ పైసా ఖర్చు లేకుండా బాగుపడ్డాయి. ఇప్పుడు మిగిలినవి ప్రకృతి పెట్టే తప్పులు, మనం పెట్టే తప్పులు.

*అయనోస్ఫియర్.* మన ప్రాంతానికి సంబంధించినంత వరకు ముఖ్యమైన దొంగ ఇదే. సూర్యరశ్మి వల్ల పై వాతావరణంలో ఎలక్ట్రాన్లు విడిపోతాయి, వాటి గుండా వచ్చే సంకేతం ఆలస్యమవుతుంది. భూ అయస్కాంత మధ్యరేఖ భారతదేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. ఆ రేఖ దగ్గర పైకి లేచిన ఎలక్ట్రాన్లు రెండు పక్కలా జారి, దానికి సుమారు 15 డిగ్రీల దూరంలో కుప్పపడతాయి. తెలుగు రాష్ట్రాలు ఆ రేఖకూ ఆ కుప్పకూ మధ్యలో ఉన్నాయి. సూర్యుడు చురుగ్గా ఉండే సంవత్సరాల్లో మధ్యాహ్నం పూట ఈ ఆలస్యం ఒక్కటే 10 మీటర్లు దాటవచ్చు. జీపీఎస్ సందేశంలోనే దీన్ని సరిచేసే ఒక నమూనా వస్తుంది కానీ, అది తీసేది సుమారు సగమే. అందుకే యూరప్‌లోనో అమెరికాలోనో రాసిన రివ్యూలో ‘2 మీటర్లు వచ్చింది’ అని చదివి, అదే మనకూ వస్తుందనుకోకూడదు.

ఇది మధ్యాహ్నం సుమారు రెండు గంటలకు ఎక్కువగా, తెల్లవారుజామున తక్కువగా ఉంటుంది. సూర్యాస్తమయం తర్వాత కొన్ని గంటలు మరో గొడవ. ఎలక్ట్రాన్ల పొర బుడగలు బుడగలుగా చెదిరి సంకేతం మిణుకుమిణుకుమంటుంది. మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇది మరీ ఎక్కువ.

*ట్రోపోస్ఫియర్.* నిట్టనిలువుగా వచ్చే సంకేతానికి సుమారు 2.3 మీటర్ల ఆలస్యం. దీని నమూనాలు బాగానే పనిచేస్తాయి, కాబట్టి పెద్దగా బెంగ అక్కర్లేదు.

*ప్రతిధ్వని దారులు.* కొండ దగ్గర అరిస్తే మన గొంతు మనకే తిరిగి వినిపించినట్టు, ఉపగ్రహ సంకేతం గోడకు, గాజు అద్దాలకు, రేకుల షెడ్డుకు తగిలి ఆలస్యంగా చేరుతుంది. హాస్టల్ బ్లాకుల మధ్య ఫోన్ మనల్ని గోడ అవతల చూపించేది అందుకే. ఎల్1 పౌర కోడ్‌లో ఒక్కో ‘చిప్’ పొడవు సుమారు 293 మీటర్లు, ఎల్5లో 29.3 మీటర్లే. చిప్ పొట్టిదైతే నేరుగా వచ్చినదాన్నీ తగిలి వచ్చినదాన్నీ విడదీయడం తేలిక. 2018 నుంచి మార్కెట్లోకి వచ్చిన రెండు పౌనఃపున్యాల ఫోన్లు నగరాల్లో మెరుగ్గా ఉండడానికి ముఖ్య కారణం ఇదే.

*ఉపగ్రహాల అమరిక.* నాలుగు ఉపగ్రహాలూ ఆకాశంలో ఒకే మూల గుంపుగా ఉంటే చిన్న తప్పు కూడా పెద్దదవుతుంది. నాలుగు దిక్కులా పరుచుకుని ఉంటే తగ్గుతుంది. దీన్ని కొలిచే అంకె హెచ్‌డాప్. ఒక్కో దూరంలో తప్పు 3 మీటర్లు, హెచ్‌డాప్ 1 అయితే మొత్తం తప్పు 3 మీటర్లు. హెచ్‌డాప్ 4 అయితే 12 మీటర్లు.

4. రెండు పౌనఃపున్యాల చిట్కా

అయనోస్ఫియర్ ఆలస్యం పౌనఃపున్యపు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది. ఎల్1 అంటే 1575.42 మెగాహెర్ట్జ్, ఎల్5 అంటే 1176.45. వాటి నిష్పత్తి వర్గం 1.793. అంటే ఎల్1లో 6 మీటర్ల ఆలస్యం ఉంటే ఎల్5లో 10.76 మీటర్లు ఉంటుంది. రిసీవర్‌కు ఈ రెండూ విడివిడిగా తెలియవు, వాటి తేడా 4.76 మాత్రమే కనిపిస్తుంది. దాన్ని 0.793తో భాగిస్తే? 6 మీటర్లు! దొంగ వదిలిన రెండు అడుగుజాడలను బట్టి వాడి ఎత్తు చెప్పినట్టన్నమాట.

ఉచితంగా ఏదీ రాదు కదా, దీనికీ ఒక ధర ఉంది. రెండు కొలతల్నీ ఇలా కలిపితే రిసీవర్ సొంత గోల సుమారు 2.6 రెట్లు పెరుగుతుంది. యాంటెన్నా బలహీనంగా ఉన్న ఫోన్‌లో ఇది చిన్న నష్టం కాదు.

5. పైసా ఖర్చు లేకుండా చేయగలిగినవి

సంకేతం నేలను చేరేసరికి ఎంత బలహీనమవుతుందంటే, అది ఉష్ణ శబ్దం కన్నా కింద మునిగిపోయి ఉంటుంది. కోడ్ తెలుసు కాబట్టే రిసీవర్ దాన్ని వెతికి పట్టగలుగుతుంది. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి, మనమే ఒక అడ్డుగోడ. అంచేత:

• ఫోన్‌ను జేబులోనో బ్యాగులోనో పెట్టి కొలవకండి. చాచిన చేతిలో, ఆకాశం వైపు ఉంచండి. పై అంచును అరచేతితో కప్పకండి. స్తంభం మీదో స్టూలు మీదో పెట్టి పక్కకు జరిగితే ఇంకా మంచిది.

• చదరపు సిరామిక్ యాంటెన్నా ఉన్న మాడ్యూల్ అయితే ఆ చదరం ఆకాశాన్ని చూస్తూ, నేలకు సమాంతరంగా ఉండాలి. కింద ఒక లోహపు పలక ఉంటే కింది నుంచి వచ్చే ప్రతిధ్వనులు తగ్గుతాయి. బక్ కన్వర్టర్, వైఫై మాడ్యూల్ దానికి దూరంగా ఉంచండి.

• ఆన్ చేసిన వెంటనే వచ్చే మొదటి అంకెను నమ్మకండి. ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలు పంపడానికే 30 సెకన్లు తీసుకుంటుంది. రెండు మూడు నిమిషాలు ఆగండి. ఏ-జీపీఎస్ ఈ నిరీక్షణను తగ్గిస్తుందే కానీ, కచ్చితత్వాన్ని పెంచదు.

• గోడలకు, వాహనాలకు, నీళ్ల ట్యాంకులకు దూరంగా నిలబడండి. తప్పదనుకుంటే, సంకేతబలం 30 డీబీ-హెర్ట్జ్ కన్నా తక్కువ ఉన్న ఉపగ్రహాలను లెక్కలోంచి తీసేయండి.

• ఒకే పౌనఃపున్యం పరికరమైతే ఉదయం పూటే కొలవండి.

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఖరీదైన ఫోన్ కొని దాన్ని వెనక జేబులో పెట్టుకుంటే లాభం లేదు.

6. సగటు తీస్తే సరిపోతుందా?

‘సెకనుకు ఒకటి చొప్పున అయిదు నిమిషాలు, 300 కొలతలు. సగటు తీస్తే తప్పు √300వ వంతుకు పడిపోతుంది’ అని వైవాలో చెప్పబుద్ధి వేస్తుంది. ఆ సూత్రం కొలతలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతేనే చెల్లుతుంది. ఇక్కడ అయనోస్ఫియర్ అయిదు నిమిషాల్లో మారదు, ప్రతిధ్వనులూ నెమ్మదిగానే మారతాయి. 300 కొలతలూ దాదాపు ఒకే తప్పును 300 సార్లు చెబుతాయి. ఒకే సాక్షిని 300 సార్లు విచారించినంత మాత్రాన 300 మంది సాక్షులు వచ్చినట్టు కాదు.

ఏం చేయాలి? అదే చోట రెండు మూడు గంటల తేడాతో మళ్లీ కొలవండి. ‘రేపు ఇదే టైముకి’ మాత్రం వద్దు. జీపీఎస్ ఉపగ్రహాల అమరిక రోజూ సుమారు 4 నిమిషాలు ముందుగా మళ్లీ అలాగే వస్తుంది. కాబట్టి అదే గోడ, అదే ప్రతిధ్వని, అదే తప్పు. టైము మార్చండి.

7. కోడ్‌లో పోయే మీటర్లు

అన్నీ బాగున్నా ప్రోగ్రామ్‌లో పోగొట్టుకునే మీటర్లు తక్కువేమీ కాదు.

మొదటిది, అంకెల రూపం. మాడ్యూల్ ఇచ్చే ఎన్ఎంఈఏ వాక్యంలో అక్షాంశం 1723.4560 అని ఉంటే అది 17 డిగ్రీల 23.4560 నిమిషాలు. 23.4560ను 60తో భాగిస్తే 0.390933, అంటే 17.390933 డిగ్రీలు. చుక్కను రెండు స్థానాలు జరిపేసి 17.234560 అని రాస్తే మనిషి 17 కిలోమీటర్ల అవతల తేలతాడు.

రెండోది, ఫ్లోట్. ఆర్డ్యుయినో ఊనోలో డబుల్ అని రాసినా అది 32 బిట్ల ఫ్లోటే. 78 డిగ్రీల రేఖాంశం దగ్గర దాని కనిష్ఠ మెట్టు 0.0000076 డిగ్రీ, అంటే నేల మీద సుమారు 80 సెంటీమీటర్లు. మన చుక్క అంతంత గంతులు వేస్తుంది. కోటితో గుణించి 32 బిట్ల పూర్ణాంకంగా దాచుకుంటే మెట్టు ఒక సెంటీమీటరు చుట్టుపక్కలకు వస్తుంది.

మూడోది, దశాంశ స్థానాల మోజు. అయిదో స్థానం అంటే సుమారు 1.1 మీటర్లు, ఆరోది 11 సెంటీమీటర్లు. 4 మీటర్ల తప్పున్న పరికరం నుంచి వచ్చిన అంకెను ఎనిమిది స్థానాల వరకు రిపోర్టులో రాస్తే అది శాస్త్రం అనిపించుకోదు, అలంకారం అవుతుంది.

నాలుగోది, డేటం. పాత సర్వే పటాలు ఎవరెస్ట్ గోళాభం మీద గీసినవి, జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84. మార్చకుండా ఒకదాని మీద ఒకటి పెడితే మన దగ్గర వంద మీటర్లకు పైగా జరుగుతుంది. ఎత్తుతోనూ ఇంతే. జీపీఎస్ లెక్కగట్టేది గణిత గోళాభం నుంచి ఎత్తు. సముద్రమట్టపు ఉపరితలం శ్రీలంకకు దక్షిణాన దానికి 100 మీటర్లకు పైగా కిందకి దిగిపోయి ఉంటుంది, ప్రపంచంలోకెల్లా లోతైన పల్లం అదే. మన ప్రాంతంలోనూ ఆ తేడా పదుల మీటర్లు.

8. ఒక ఎకరం లెక్క

ఇప్పుడు అసలు విషయం. చదరంగా ఉన్న ఒక ఎకరం పొలం అనుకుందాం. 4,047 చదరపు మీటర్లు, భుజం 63.6 మీటర్లు. నాలుగు మూలలా ఫోన్‌తో కొలిచాం. ఒక్కో మూలలో తూర్పు-పడమరగా 2 మీటర్లు, ఉత్తర-దక్షిణంగా 2 మీటర్లు యాదృచ్ఛిక తప్పు ఉందనుకుంటే, విస్తీర్ణంలో ప్రామాణిక తప్పు √2 × 63.6 × 2, అంటే 180 చదరపు మీటర్లు. మన భాషలో చెప్పుకుంటే 215 గజాలు. ఆంధ్రలో సుమారు నాలుగున్నర సెంట్లు, తెలంగాణలో దాదాపు గుంటా ముప్పావు. ఒక ఇల్లు కట్టుకునే స్థలం!

ఇక డిగ్రీలను మీటర్లుగా మార్చేటప్పుడు రేఖాంశానికి కొసైన్ మరిచిపోతే? హైదరాబాదు అక్షాంశం దగ్గర 1 డిగ్రీ రేఖాంశం సుమారు 106 కి.మీ. మాత్రమే. దాన్ని 111 అని వేస్తే ఎకరానికి దాదాపు 5 సెంట్లు గాలిలోంచి పుట్టుకొస్తాయి. ఇది ఉపగ్రహం చేసిన తప్పు కాదు, ఎన్నిసార్లు కొలిచినా పోదు.

అయితే ఒక శుభవార్త. నాలుగు మూలల్లోనూ తప్పు ఒకేలా, ఒకే దిక్కుకు ఉంటే పొలం మొత్తం పక్కకు జరుగుతుంది, విస్తీర్ణం మాత్రం మారదు. కాబట్టి ఒకే పరికరంతో, ఆగకుండా, కొద్ది నిమిషాల్లో నాలుగు మూలలూ కొలిస్తే ఉమ్మడి తప్పులు వాటికవే రద్దవుతాయి. మొదలుపెట్టిన మూలకే తిరిగొచ్చి మళ్లీ కొలవండి. మొదటి, చివరి అంకెల తేడాను బట్టి ఆ రోజు కొలత నాణ్యత ఎంతో తెలుస్తుంది.

9. తప్పును తప్పుతోనే కొట్టడం

ఈ ‘ఉమ్మడి తప్పు’ అనే ఆలోచనే పెద్ద పద్ధతులన్నిటికీ మూలం. స్థానం ముందే కచ్చితంగా తెలిసిన చోట ఒక రిసీవర్ పెడతారు. అది చూపించేదానికీ నిజానికీ ఉన్న తేడాయే ఆ క్షణపు తప్పు. దాన్ని చుట్టుపక్కల రిసీవర్లకు చేరవేస్తే చాలు.

మన దేశంలో ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన గగన్ ఈ పనే చేస్తుంది. దేశవ్యాప్తంగా 15 నేల కేంద్రాలు తప్పును కొలుస్తాయి, ఆ సవరణలు జీశాట్ ఉపగ్రహాల ద్వారా తిరిగి కిందకు వస్తాయి. అందులో జీశాట్-10 ఉన్నది 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, అంటే ఇంచుమించు మన విశాఖపట్నం రేఖాంశమే. మీ పరికరంలో ఎస్‌బాస్ అనే ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి.

నావిక్ సంగతి వేరు. అది సవరణ వ్యవస్థ కాదు, మన సొంత ఉపగ్రహ వ్యవస్థ. దాని మొదటి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచే వెళ్లింది. 2023 మే 29న పోయిన ఎన్‌వీఎస్-01లో దేశీయ రుబీడియం గడియారం, ఎల్1 సంకేతం చేర్చారు. ఆకాశంలో ఉపగ్రహాలు పెరిగితే అమరిక బాగుపడుతుంది, హెచ్‌డాప్ తగ్గుతుంది.

సెంటీమీటర్లే కావాలంటే ఆర్‌టీకే. కోడ్‌ను కాకుండా 19 సెంటీమీటర్ల పొడవున్న వాహక తరంగాన్నే కొలుస్తారు. రెండు రిసీవర్ల మధ్య ఎన్ని పూర్తి తరంగాలు ఇమిడాయో తేల్చడమే కష్టం, అది తేలితే మిగతాది మిల్లీమీటర్ల పని. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లతో పాటు వాడిన రోవర్లు ఈ జాతివే. హద్దురాయి పాతాలంటే ఇదే కావాలి. ఫోన్ యాప్ దానికి సాక్ష్యం కాదు, అంచనా మాత్రమే.

10. ఈ ఆదివారం చేయండి

బ్లాకు మేడ మీద ఒక చోట సుద్దతో గుర్తు పెట్టండి. ఉదయం 7కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 8కి పదేసి నిమిషాలు లాగ్ తీయండి. తర్వాత రెండు బ్లాకుల మధ్య నేల మీదా అదే చేయండి. మొత్తం ఆరు ఫైళ్లు. ఒక్కోదానికి సగటు, వ్యాప్తి, హెచ్‌డాప్ రాసుకోండి. మూడు ప్రశ్నలకు జవాబు వెతకండి. ఒకే ఫైలు లోపల వ్యాప్తి ఎక్కువా, ఫైలుకూ ఫైలుకూ మధ్య సగటు జరిగింది ఎక్కువా? గోడల మధ్య జరుగుడు ఏ దిక్కుకు, ఆ దిక్కున ఏముంది? పరికరం చెప్పిన వలయంలో నిజంగానే మూడింట రెండు వంతుల కొలతలు పడ్డాయా?

మొదటి ప్రశ్నకు జవాబు చూశాక సగటు మీద మీకున్న భక్తి కొంచెం తగ్గుతుంది. మూడోదానికి జవాబు చూశాక మ్యాప్‌లో చుక్క కన్నా ముందు వలయం చూడడం అలవాటవుతుంది. రేపు మీరు రాసే యాప్‌లో ‘1.04 ఎకరాలు’ అని కాకుండా ‘1.04, అటూ ఇటూ 0.05’ అని చూపించండి. ఆ చిన్న ‘అటూ ఇటూ’ చదివినవాళ్లు గట్టు మీద గొడవకు దిగే ముందు ఒక్క క్షణం ఆగుతారు, సర్వేయర్‌ను పిలుద్దాం అనుకుంటారు.